వి10 ఇంజన్ ఇక రాదట, లాంబోర్గినీ కొనొచ్చా?

ప్రశ్న: నాకు 41 ఏళ్ళు. సొంతూరు హిందూపురం, ఉండేది బెంగళూరు సర్జాపుర రోడ్డులో. పాత కంపెనీ షేర్లు అమ్మితే పన్ను పోను 5.5 కోట్లు చేతికొచ్చాయి. ఇంటి లోను ఇంకా 80 లక్షలుంది. పిల్లలకు 12, 8 ఏళ్ళు. ఇప్పుడు కన్సల్టింగ్‌లో నెలకు 4.5 లక్షల దాకా వస్తోంది. 2017 మోడల్ లాంబోర్గినీ హురకాన్ ఒకటి, పుదుచ్చేరి రిజిస్ట్రేషన్‌ది, 2.2 కోట్లకు ఇస్తామంటున్నారు. కోటి చేతి నుంచి కట్టి మిగతా 1.2 కోట్లు లోను పెడదామనుకుంటున్నాను. ఆ ఇంజన్ ఇక తయారవదు కాబట్టి రేటు పెరుగుతుందే తప్ప తగ్గదని, ఎఫ్‌డీ కంటే ఇదే నయమని మా బావమరిది అంటున్నాడు. నిజమేనా?

జవాబు: మీ బావమరిది మాటలో సగం నిజముంది. ముందు ఆ సగం చెప్తాను. ఆ బండి మీద మీకున్న ఇష్టాన్ని దండగ అని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే ఆ ఇష్టానికి గట్టి కారణాలే ఉన్నాయి.

హురకాన్ 2014లో వచ్చింది. సీటు వెనకే 5.2 లీటర్ల వి10 ఇంజన్, అంటే పది సిలిండర్లది, టర్బో లేదు. టర్బో ఇంజన్‌లో పొగ ఒత్తిడితో టర్బైన్ వేగం అందుకోవాలి, అప్పుడే లోపలికి గాలి ఎక్కువగా వెళ్తుంది. ఇందులో ఆ మధ్యవర్తి లేడు. కాలు ఎంత నొక్కితే అంత బలం, అదీ అప్పటికప్పుడు. దీని ఎల్‌పీ 610-4 మోడల్‌లో 610 హార్స్‌పవర్ పూర్తిగా అందేది 8,250 ఆర్‌పీఎం దగ్గర, అంటే ఇంజన్ నిమిషానికి అన్నిసార్లు తిరిగినప్పుడు. అంటే ఇంజన్‌ను పైదాకా తిప్పినవాళ్ళకే దాని అసలు గొంతు వినిపిస్తుంది. ఆయిల్ అడుగున తొట్టిలో కాకుండా విడి ట్యాంకులో ఉంటుంది, డ్రై సంప్ అంటారు. అందుకే అంత పెద్ద ఇంజన్‌ను నేలకు బాగా దగ్గరగా కూర్చోబెట్టగలిగారు. ఛాసిస్ అల్యూమినియం, మధ్యలో టన్నెల్, సీట్ల వెనక గోడ కార్బన్ ఫైబర్. సున్నా నుంచి వందకు 3.2 సెకన్లు.

దీని స్థానంలో 2024లో ప్రకటించిన టెమెరారియోలో 4 లీటర్ల ట్విన్ టర్బో వి8, మూడు ఎలక్ట్రిక్ మోటార్లు, మొత్తం 920 హార్స్‌పవర్. అది కూడా గొప్ప ఇంజనే, 10,000 ఆర్‌పీఎం దాకా తిరుగుతుంది. కానీ టర్బో లేని ఆ వి10 మాత్రం అందులో లేదు. ఇదే వి10 కుటుంబాన్ని పంచుకున్న ఆడి ఆర్8 కూడా 2024లోనే ఆగిపోయింది. కాబట్టి ఈ ఇంజన్‌కు అభిమానులు తగ్గరు. ఇంతవరకు మీ బావమరిదితో నాకు పేచీ లేదు.

అభిమానులు ఉండటం వేరు, రేటు పెరగడం వేరు. మెక్‌లారెన్ ఎఫ్1 అనే కారు సంగతి అందరూ చెప్తారు. 1992 నుంచి 1998 వరకు మొత్తం 106 బళ్లే తయారయ్యాయి. 2021లో అమెరికా వేలంలో ఒకటి 2 కోట్ల డాలర్లు దాటింది. హురకాన్‌లు 2022కే 20,000 తయారయ్యాయి. కలెక్టర్లు వెతికేది 1,499 మాత్రమే చేసిన హురకాన్ స్టెరాటో లాంటివాటిని, అదీ పెద్దగా నడపనివాటిని. తక్కువ సంఖ్యలో చేసినా భరోసా లేదు. పోర్షే 2016లో మాన్యువల్ గేర్లతో 911 ఆర్ అని 991 బళ్లే చేసింది. కొన్న రేటుకు రెట్టింపు పైన అడిగారు. మరుసటి ఏడాది అదే కంపెనీ 911 జీటీ3 టూరింగ్‌లో దాదాపు అదే రుచి అందరికీ అందుబాటులో పెట్టేసరికి ఆ రేట్లు దిగివచ్చాయి.

పైగా అవన్నీ విదేశీ మార్కెట్ సంగతులు. మన దేశంలో రిజిస్టరైన హురకాన్‌కు కొనేవాళ్ళు మన దేశంలోనే దొరకాలి, వాళ్ళు గుప్పెడుమంది. ఇక సుంకం లెక్క చూడండి. ఇప్పుడు కొత్తగా దిగుమతయ్యే ఇలాంటి కారుకు సుంకాలు 110 శాతం, ఆపైన జీఎస్టీ 40 శాతం. 100 రూపాయల బండి ఈ పన్నులతో కలిపి 294 అవుతుంది. కర్ణాటక జీవితకాల పన్ను కూడా కలిపితే 350 దాటుతుంది. నగ మీద తరుగు, మజూరీ లాంటిదే ఇది. అమ్మేటప్పుడు ఎవరూ తిరిగివ్వరు. 2025 జూలైలో బ్రిటన్‌తో సంతకమైన ఒప్పందం ప్రకారం అక్కడి కార్లకు, కోటా మేరకు, సుంకం క్రమంగా 10 శాతానికి దిగుతుంది. రేపు ఇటలీ కార్లకూ అలా దిగితే కొత్త బండే చవకవుతుంది, మీ పాత బండి రేటు దానితోపాటే పడుతుంది. ఆ రిస్క్ మీ నెత్తిన ఎందుకు?

ఇన్సూరెన్స్‌వాళ్ళకు కలెక్టర్ విలువతో పని లేదు. వాళ్ళ ఐడీవీ, అంటే పాలసీలో బండికి కట్టిన విలువ, ఏటా తగ్గుతుంది, ఐదేళ్ళకే సగానికి వస్తుంది, ఆ తర్వాత బేరం. బండి పూర్తిగా పోతే చేతికొచ్చేది ఆ ఐడీవీయే. 2022 సెప్టెంబరులో బెంగళూరు యెమలూరు విల్లాల్లో ఖరీదైన కార్లు నీళ్లలో మునగడం మీరు చూసే ఉంటారు. సర్జాపుర రోడ్డులో మీ పార్కింగ్ బేస్‌మెంట్‌లో ఉంటే ఈ ఒక్క మాట గట్టిగా పట్టించుకోండి.

పుదుచ్చేరి నంబరు వల్ల చవక అన్న మాట నమ్మకండి. బండి తిరిగేది బెంగళూరులో. పుదుచ్చేరి నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చి, కర్ణాటక నంబరుకు మార్చి, ఇక్కడి పన్ను కట్టాలి. 20 లక్షలు దాటిన కారుకు 18 శాతం, దాని మీద సెస్సు. పాత బండికి వయసును బట్టి కొంత తగ్గిస్తారు, అయినా లక్షల్లోనే. 2025 జూలైలో మహారాష్ట్ర నంబరుతో ఇక్కడ తిరుగుతున్న ఒక ఫెరారీకి రవాణా శాఖ కట్టించుకున్నది దాదాపు 1.42 కోట్లు.

ఇక మీ లెక్క. 1.2 కోట్ల లోను 9.5 శాతం చొప్పున ఐదేళ్ళకు వేస్తే ఈఎంఐ నెలకు 2.52 లక్షలు, వడ్డీ మొత్తం 31 లక్షలు. మీ ఆదాయంలో సగం పైన దానికే పోతుంది. కన్సల్టింగ్ ఆదాయం రెండు నెలలు ఆగితే టెన్షన్ ఎవరికో మీకే తెలుసు. ఎఫ్‌డీ కంటే నయమన్న బావమరిదికి ఈ లెక్క చూపించండి: 2.2 కోట్లకు 7 శాతం వడ్డీ అంటే పన్నుకు ముందు ఏటా 15.4 లక్షలు వచ్చేవి రావు. ఇన్సూరెన్స్, టైర్లు, సర్వీసుకు ఇంకో పది లక్షలైనా పక్కన పెట్టాలి. అంటే బండి రేటు ఏటా 25 లక్షలు పెరిగితే మీరు ఉన్నచోటే ఉంటారు. సొంత వాడకం కారు అమ్మితే లాభం మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేదు, కానీ నష్టాన్ని షేర్ల లాభంలో తగ్గించుకోవడానికీ వీలు లేదు.

కాబట్టి ఈ బండి ఈ ధరకు, ఈ లోనుతో వద్దు. ముందు ఇంటి లోను తీర్చేయండి. మిగిలిన 4.7 కోట్లలో పెద్దమ్మాయో అబ్బాయో ఆరేళ్ళలో కాలేజీకి వెళ్తారు, ఆ డబ్బు విడిగా పెట్టండి. ఇలాంటి కోరికకు ఆ 4.7 కోట్లలో ఆరో వంతు మించకూడదన్నది నా లెక్క, అంటే 78 లక్షలు. అందులో మొదటి తరం ఆడి ఆర్8 వి10 వెతకండి. ఆ ఇంజన్ హురకాన్ ఇంజన్‌కు అన్న. ఆదివారం పొద్దున్నే దేవనహళ్ళి దాటి బాగేపల్లి మీదుగా హిందూపురం వెళ్ళిరావడానికి ఆ ఆనందం తక్కువేమీ కాదు.

ఏ బండి చూసినా డీలర్ దగ్గర డయాగ్నస్టిక్ రిపోర్టు తీయించండి. కార్బన్ సెరామిక్ బ్రేకులుంటే డిస్కులు విప్పించి తూకం వేయించండి. వాటి అరుగుదల బరువులో తెలుస్తుంది, నాలుగూ మార్చాల్సి వస్తే ఆ బిల్లుతో మామూలు కారు ఒకటి వస్తుంది. హురకాన్‌కు టోకెన్ అడ్వాన్స్ ఇచ్చి ఉంటే, కర్ణాటక పన్ను ఎవరు కడతారో రాతపూర్వకంగా ఇవ్వమని ఇవాళే అడగండి. ఇవ్వకపోతే అడ్వాన్స్ వెనక్కి తీసుకోండి.