పార్కు స్థలం అమ్మేస్తున్నారు, బోదె పూడ్చేశారు, ఏం చెయ్యాలి?

ప్రశ్న: మాది తణుకు పక్కన పల్లె, ఇప్పుడు సగం టౌనే అనుకోండి. 2014లో ఒక వెంచర్‌లో 5 సెంట్లు కొని ఇల్లు కట్టుకున్నాం. అప్పుడు పార్కు అని చూపించిన చోట మొన్న రాళ్లు పాతి ప్లాట్లు అమ్ముతున్నారు. పక్క చేలో కొత్త వెంచర్ వాళ్లు బోదె, అదే నీళ్లు పోయే పిల్ల కాలవ, పూడ్చేసి మెరక చేశారు, వానొస్తే నీళ్లన్నీ మా వీధిలోనే. పంచాయతీలో అడిగితే మాకు సంబంధం లేదంటున్నారు.

జవాబు: ముందు ఒక్క సంగతి తేల్చుకోండి, మీ వెంచర్‌కి అప్రూవల్ ఉందా లేదా. నా దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది బ్రోచర్ తెస్తారండి, ఉయ్యాల, జారుడుబల్ల బొమ్మలతో రంగురంగులుగా ఉంటుంది, కానీ మనకి కావాల్సింది ఎల్‌పీ నంబరు, అంటే లేఅవుట్‌కి అనుమతిచ్చిన నంబరు, ఉన్న ప్లాను. మీ దస్తావేజులో ఆ నంబరు రాసుందేమో చూడండి. అప్రూవ్డ్ లేఅవుట్ అయితే 10 శాతం స్థలం ఖాళీగా వదిలి, రోడ్లతో పాటు పంచాయతీకి గిఫ్ట్ డీడ్ చెయ్యాలి. ఆ డీడ్ అయ్యాక అది పంచాయతీ ఆస్తే, ఇంక అమ్మే హక్కు వెంచర్ వేసినాయనకెక్కడిది, సంబంధం లేదనడానికి కార్యదర్శికీ వీల్లేదు. డీడ్ చెయ్యకుండా ఎగ్గొట్టినా సరే, ప్లానులో పార్కని చూపించి అనుమతి తెచ్చుకున్నాక దాన్ని ప్లాట్లు చేస్తానంటే కుదరదు. బెంగళూరులో పార్కు స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇస్తేనే 1991లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు.

అప్రూవల్ లేకపోతే మాత్రం మీ కేసు బలహీనమే, దాచడం ఎందుకు. అలాంటి వెంచర్లలో కొన్నవాళ్లే చివరికి రెగ్యులరైజేషన్‌లో, అంటే అనుమతి లేని ప్లాటుని సక్రమం చేయించుకోడానికి, డబ్బు కట్టుకుంటున్నారు, 2020 స్కీములో అయితే ఖాళీ స్థలం వదలనందుకు ప్లాటు విలువలో 14 శాతం పెట్టారు. వదలనిది ఆయన, కట్టేది మీరు!

అందుకని ముందు పంచాయతీలో సమాచార హక్కు అర్జీ పెట్టండి, గ్రామ స్థాయిలో ఫీజు కూడా లేదు. ప్లాను కాపీ, గిఫ్ట్ డీడ్ కాపీ అడగండి, 30 రోజుల్లో ఇవ్వాలి. ఈలోగా ఆ సర్వే నంబరుకి ఈసీ, అంటే దాని మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, తీయించండి, పార్కులో ఎన్ని ముక్కలు రిజిస్టర్ చేసి అమ్మారో అందులో తెలిసిపోతుంది. ప్లాను చేతికొచ్చిందంటే పంచాయతీకి నోటీసు ఇద్దాం, అప్పటికీ కదలకపోతే హైకోర్టులో రిట్టు. మీరొక్కరే కాకుండా వీధిలో పదిమంది కలిసి సంతకాలు పెడితే మంచిది, ఒక్కరే అయితే ఆ మనిషి నాలుగో రోజున మీ ఇంటికొచ్చి టీ తాగి రాజీ చేసేస్తాడు.

బోదె సంగతి వేరే, దానికి ఆర్డీవో గారి దగ్గరికి వెళ్లండి. అందరి నీళ్లూ పోయే కాలవకి అడ్డం పెడితే తీయించే అధికారం ఆయనకుంది, పాత సీఆర్పీసీలో 133 సెక్షను, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్ చట్టంలో 152. పట్టా చేను కదా అని వెంచర్ వాళ్లు అంటారు, అప్పుడు గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ (సర్వే వాళ్ల పొలం కొలతల పుస్తకం) తీసి చూపించండి, అందులో బోదె గీత ఉంటే పట్టా మాట నిలబడదు. మన డెల్టాలో చేలకి నీరొచ్చే దారీ పోయే దారీ రెండూ ముఖ్యమే, పోయే దారి మూసేస్తే ఆ పైనున్నవన్నీ మునుగుతాయి, ఇది ఇంజనీర్లకి తెలియంది కాదు గానీ అర్జీ పడేదాకా ఎవరూ కదలరు. ఇరిగేషన్ ఏఈకి కూడా ఒక కాపీ ఇచ్చి రసీదు తీసుకోండి, వానలో నీళ్లు నిలిచిన ఫోటోలు తేదీ కనపడేలా తీసి ఉంచండి.

పార్కులో పునాదులు ఇంకా తియ్యలేదంటే ఈ వారంలోనే అర్జీ పడెయ్యండి.