చెన్నైలో పళ్లికరణై చిత్తడి నేల పక్కన ఫ్లాట్ కొనొచ్చా? నీళ్ల సంగతి ఎలా ఉంటుంది?

పెరుంబాక్కం, పళ్లికరణై మధ్యలో ఫ్లాట్ నచ్చింది, రేటు కూడా అందుబాటులోనే ఉంది, కానీ ఎండాకాలం బోరు నీళ్లు ఉప్పగా వస్తాయని ఒకరు, డిసెంబరులో వీధులు మునుగుతాయని ఇంకొకరు అంటున్నారు, ఏది నమ్మాలి అని అడిగారు. రెండూ నమ్మండి. రెండిటికీ ఒక పెద్ద కారణం, అక్కడి చిత్తడి నేల ఏటికేడు తరిగిపోవడం.

మాది సూళ్లూరుపేట. పులికాట్‌లో ఫ్లెమింగోలను చూస్తూ పెరిగాను, ఉద్యోగం కోసం చెన్నై వచ్చాక మేడవాక్కం పక్కన చాలా ఏళ్లు అద్దెకున్నాం. కాబట్టి నేను చెప్పేది ఆ నీళ్లు వాడి, ఆ నీళ్లలో నడిచి తెలుసుకున్నది.

ముందు ఆ ప్రాంతం వాలు అర్థం చేసుకోవాలి. దక్షిణ చెన్నైలో సుమారు 250 చదరపు కిలోమీటర్ల మేర పడ్డ వాన చివరికి పళ్లికరణైకే చేరుతుంది. సెంబాక్కం, కీళ్‌కట్టలై, నారాయణపురం లాంటి చెరువులు ఒకదాని అలుగు ఇంకోదానిలోకి పారి, ఆఖరికి ఈ పల్లంలో కలుస్తాయి. ఇక్కణ్ణుంచి నీళ్లు బయటపడాలంటే ప్రధానమైన దారి ఒక్కటే, ఒక్కియం మడువు అనే కాలువ. దాని గుండా బకింగ్‌హాం కాలువలో పడి, దక్షిణంగా కోవళం దగ్గర సముద్రంలో కలవాలి. నేల దాదాపు సముద్ర మట్టానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి పోటు సమయంలో ఆ కొంచెం పారుదల కూడా మందగిస్తుంది. అంటే వచ్చే నీళ్లు చాలా, పోయే దారి సన్నం. ఆ మధ్యలో నీళ్లు కొన్నాళ్లు నిలబడే చోటే చిత్తడి నేల. 1960లలో అది ఐదు వేల హెక్టార్లకు పైగా ఉండేదని చెబుతారు. 2022లో రామ్‌సార్ జాబితాలోకి (ముఖ్యమైన చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితా) ఎక్కింది సుమారు 1,248 హెక్టార్లు. మిగతా దాని మీద కాలనీలు, ఐటీ ఆఫీసులు, తొరైపాక్కం–పల్లావరం రోడ్డు, పెరుంగుడి డంపింగ్ యార్డు వచ్చాయి. చెన్నైకి ఏడాదికి పడే సుమారు 1,400 మిల్లీమీటర్ల వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే కురుస్తుంది. అన్ని నీళ్లు నిలబడాల్సిన చోట ఇళ్లు కట్టుకుంటే అవి ఇళ్లలోనే నిలబడతాయి కదా!

2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వచ్చినప్పుడు మాది మొదటి అంతస్తు కాబట్టి ఇంట్లోకి రాలేదు. కానీ పార్కింగ్‌లో నడుం లోతు నీళ్లు, అందులో డ్రైనేజీ కలిసింది. సంపు మూత ఆ నీళ్ల కిందే ఉండిపోయింది, మోటారు స్టార్టర్ బోర్డు మునిగింది, ఓవర్‌హెడ్ ట్యాంకులో ఉన్నది అయిపోయాక చుట్టూ నీళ్లుండి కూడా బాత్రూంలోకి చెంబెడు నీళ్లు లేవు. నీళ్లు తీశాక సంపు కడిగించి, క్లోరిన్ వేయించి, మళ్లీ వాడుకునే సరికి ఇంట్లో పెద్దవాళ్లు, పిల్లలు నానా అవస్థ పడ్డారు. అందుకే చెబుతున్నా, మీరు ఫ్లాట్ చూసేటప్పుడు హాలు, కిచెన్ తర్వాత, ముందు కిందికి దిగి సంపు మూత నేల కంటే ఎంత ఎత్తులో ఉంది, ప్యానెల్ బోర్డు ఎక్కడ పెట్టారు అన్నది చూడండి. బిల్డింగును మట్టి పోసి ఎత్తు చేశాం, మాకు భయం లేదు అని బిల్డరు అంటాడు. ఆ ఎత్తు వల్ల మీ గేటు ముందు రోడ్డే చెరువవుతుంది, పక్క వీధిలో పాత ఇళ్లవాళ్ల మీదికి నీళ్లు తోస్తుంది. దాన్ని నేను సౌకర్యం కింద లెక్కపెట్టలేను.

ఇక ఉప్పు సంగతి. తీరం దగ్గర భూమి లోపల మంచినీళ్లు తేలిక, ఉప్పునీళ్లు బరువు, కాబట్టి మంచినీళ్లు పైన తేలుతుంటాయి. లెక్క ప్రకారం సముద్ర మట్టం కంటే మంచినీటి మట్టం ఒక్క మీటరు పైన ఉంటే, దాని కింద సుమారు 40 మీటర్ల లోతు దాకా మంచినీళ్లే ఉంటాయి. ఇది తిరగేసి చూడండి, అప్పుడు తెలుస్తుంది ప్రమాదం. చిత్తడి నేల తరిగి నీళ్లు నిలబడి ఇంకే చోటు తగ్గింది, పైగా బోర్లతో తోడి పైమట్టం ఒక మీటరు దించామంటే కింద ఉప్పునీళ్లు నెమ్మదిగా 40 మీటర్లు పైకి రాగలవు. తిరువాన్మియూర్ నుంచి కోవళం వైపు ఉన్న ఇసుక నేలలో ఈ లెక్క బాగా సరిపోతుంది. మీరు చూస్తున్న వైపు బంకమన్ను, దాని కింద రాయి, అందుకని బోరుకీ బోరుకీ తేడా ఉంటుంది, పక్కింటి బోరు బాగుందని మీది బాగుంటుందని అనుకోవద్దు. మా బోరులో జనవరిలో టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు, లీటరుకు మిల్లీగ్రాముల్లో) 800 దగ్గర ఉండేది, మే వచ్చేసరికి 2,000 దాటేది. తాగునీటికి 500 లోపు మంచిది, వేరే దిక్కు లేకపోతే 2,000 దాకా పరవాలేదని బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం. కుళాయి మూతి చుట్టూ తెల్లటి పెచ్చు కట్టేది, బకెట్‌లో రాత్రి పట్టిన నీళ్ల మీద పొద్దున్నే తుప్పు రంగు పొర తేలేది (అది ఇనుము). ఆర్వో పెడితే తాగడానికి సరిపోతుంది కానీ స్నానానికి, బట్టలకు ఆ నీళ్లే.

మెట్రో వాటర్ (చెన్నై నగర నీటి సరఫరా బోర్డు) కనెక్షన్ నిజంగా ఉందా, లేక వస్తుందని చెబుతున్నారా అని గట్టిగా అడగండి. మన కండలేరు జలాశయం నుంచి చెన్నైకి నీళ్లిచ్చే పూండి జలాశయానికి వచ్చే కృష్ణా నీళ్లు, నెమ్మేలిలో సముద్రపు నీళ్లను శుద్ధి చేసే ప్లాంటు, ఇవన్నీ ఉన్నా పైపు మీ వీధి దాకా రాకపోతే లారీ నీళ్లే గతి. 2019 ఎండాకాలంలో చెన్నై జలాశయాలు ఎండిపోయినప్పుడు లారీ బుక్ చేసి రోజుల తరబడి ఎదురుచూసిన అపార్ట్‌మెంట్లు ఎన్నో. ఇంకుడు గుంత 2003 నుంచి తప్పనిసరి కాబట్టి ఎక్కడైనా చూపిస్తారు, కానీ పైనున్న బంకమన్ను దాటి కింది ఇసుక పొర దాకా దింపారో లేదో కనుక్కోండి, లేకపోతే నీళ్లు ఇంకవు.

కాగితాల దగ్గర అలసత్వం వద్దు. సర్వే నంబరు తీసుకుని తమిళనాడు ప్రభుత్వ ఈ-సర్వీసెస్‌లో ఏ-రిజిస్టర్ చూస్తే ఆ భూమి పాత రికార్డులో పట్టా భూమా, చెరువా, వాగా, పోరంబోకా అని తెలుస్తుంది. తమిళం రాకపోతే చదివి చెప్పే మనిషిని పట్టుకోండి. ఇంకొకటి, 2025లో జాతీయ హరిత ట్రిబ్యునల్ రామ్‌సార్ హద్దు నుంచి కిలోమీటరు లోపల కొత్త నిర్మాణాలకు అనుమతులు ఇవ్వొద్దని చెప్పింది. కాబట్టి మీ ప్రాజెక్టు హద్దుకు ఎంత దూరం, ప్లానింగ్ అనుమతి ఏ తేదీది అన్నది లాయరుకు చూపించకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

నా మటుకు నేనైతే ఆ చిత్తడి నేలను పూడ్చిన చోట కొనను, నా సొంత తమ్ముడు అడిగినా ఇదే చెబుతాను. మేడవాక్కంలో మెరక వైపు వీధులు పరవాలేదు. మీకు తొందర లేకపోతే అదే కాలనీలో అక్టోబరు నుంచి మే దాకా అద్దెకుండి చూడండి, ఒక వానాకాలం, ఒక ఎండాకాలం చూసినట్టవుతుంది. అంత వీలు లేకపోతే పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని 2015 వరదల్లో, 2023 తుఫానులో నీళ్లు ఎందాకా వచ్చాయో గోడ మీద చూపించమనండి. బ్రోకరు పక్కన లేనప్పుడు వెళ్లండి.