బోర్డర్ కోలీని తెచ్చుకోబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి,

మావయ్య ఆశీస్సులు. హైదరాబాద్ ఫ్లాట్‌లో బోర్డర్ కోలీ పిల్లని పెంచుకోవాలనుందని రాశావు. అంత తెలివైన కుక్క ఇంకోటి లేదట కదా అన్నావు. నిజమే. కానీ దాని తెలివి పని అడుగుతుంది. నువ్వు ఇవ్వకపోతే తనే వెతుక్కుంటుంది. నా టెన్షనంతా అక్కడే.

ఇక్కడ ఇంగ్లండ్‌లోని నార్తంబర్లండ్‌లో గొర్రెల డాక్టరుగా నా ఉద్యోగమంతా మందల్ని తోలే ఈ కుక్కల మధ్యే గడిచింది. వీటి వంశానికి మూలమని చెప్పుకునే ఓల్డ్ హెంప్ అనే కుక్క 1893లో ఈ ప్రాంతంలోనే పుట్టింది. ఆడమ్ టెల్ఫర్ అనే రైతుది. మొరగకుండా, కరవకుండా, చూపుతోనే మందని కదిలించేదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ చూపు ఎక్కడిదో నీకు తెలియాలి. వేటాడే జంతువు మొదట కళ్లు నిలిపి చూస్తుంది, పొంచి నడుస్తుంది, తరుముతుంది, ఆ తర్వాత పట్టి చంపుతుంది. కాపరులు తరతరాలుగా కుక్కల్ని ఏరి జత కట్టించి మొదటి మూడూ ఉంచారు, చివరి రెండూ అణిచారు. అందుకే నెలల పిల్ల కూడా గొర్రెల్ని చూడగానే ఎవరూ చెప్పకుండానే చుట్టూ తిరిగి అవతలికి వెళ్లి, మందని యజమాని వైపు తోలుకొస్తుంది. మనం నేర్పేది ఎటు తిరగాలో, ఎక్కడ ఆగాలో మాత్రమే. 'కమ్ బై' అంటే గడియారం ముల్లు తిరిగే వైపు, 'అవే' అంటే దానికి ఎదురు వైపు. దూరమైతే ఈలే. గుట్ట అవతల కాపరికి కనబడనప్పుడు ఏం చేయాలో కుక్కే తేల్చుకోవాలి. చెప్పింది చేయడమే కాదు, తనంతట తను ఆలోచించడం కూడా దీని రక్తంలోనే ఉంది.

ఇదే కుక్క మీ అపార్ట్‌మెంట్‌లో ఉంటే గొర్రెల బదులు సైకిళ్లు, స్కూటర్లు, పరిగెత్తే మీ చంటోడు. వాణ్ణి మూలకి తోలడానికి మడమ దగ్గర చిన్నగా పంటితో పట్టొచ్చు. అది కోపం కాదు, దాని పని. అయినా వాళ్లిద్దర్నీ ఒంటరిగా వదలకు. లేజర్ లైటుతో మాత్రం ఎప్పుడూ ఆడించకు. ఆ చుక్క దొరకదు, పని పూర్తికాదు. తర్వాత గోడల మీద నీడల్ని రోజంతా వెంటాడే కుక్కలు ఉన్నాయి, ఆ అలవాటు మాన్పించడం చాలా కష్టం.

గంటలకొద్దీ బంతి విసిరితే అలిసిపోతుందనుకోకు. దమ్ము పెరుగుతుందంతే. మెదడుకి పని పెట్టు: తిండి దాచి వాసనతో వెతికించు, బొమ్మలకి పేర్లు నేర్పు. అమెరికాలో చేజర్ అనే బోర్డర్ కోలీకి జాన్ పిల్లీ అనే ప్రొఫెసర్ 1,022 వస్తువుల పేర్లు నేర్పాడు. అన్నిటికన్నా ముందు 'పడుకో' నేర్పు. తర్వాత ఏ పనీ లేకుండా ప్రశాంతంగా ఉండటం నేర్పు. దీనికి అదే కష్టం. గొంతు పెంచకు, ఒక్క కేకకే ముడుచుకుపోయేవి చాలా ఉంటాయి.

మీ ఎండలకి నడక పొద్దు పొడవక ముందో, రాత్రో. రెండు పొరల బొచ్చు కదా అని గొరిగించకు. వేడిలో పరిగెత్తి తూలితే వెంటనే ఆపి చల్లబరిచి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. కోలీల్లో కొన్నిటికి పుట్టుకతో వచ్చే జన్యులోపం వల్ల ఐవర్‌మెక్టిన్ అనే మందు పడదు. ఎవరైనా గోమార్లకని ఆ ఇంజెక్షన్ ఇవ్వబోతే ముందే ఈ సంగతి చెప్పు, జన్యు పరీక్ష చేయించు.

పిల్ల తల్లిదండ్రుల్ని నీ కళ్లతో చూడు, వాటి కంటి పరీక్షల కాగితాలు అడుగు. మేలో పొద్దున్నే అయిదింటికి దాన్ని ఎవరు తిప్పుతారో అల్లుడుగారూ నువ్వూ కూర్చుని తేల్చుకుని నాకు రాయండి. అది తేలాకే అడ్వాన్సు కట్టండి.

మీ మావయ్య