10 ఎంఎం రాడ్‌కి 2 టన్నులు వేలాడదీయొచ్చా?

ప్రశ్న: 2 టన్నుల బరువును 3 మీటర్ల మైల్డ్ స్టీల్ రాడ్‌కి వేలాడదీయాలి. చివర్లలో థ్రెడ్ కోసి నట్లు బిగిస్తాం. లోడ్ సుమారు 20,000 న్యూటన్లు. దాన్ని స్టీల్ యీల్డ్, అంటే చదరపు మిల్లీమీటరుకి 250 న్యూటన్లతో భాగిస్తే 80 చదరపు మిల్లీమీటర్లు వచ్చింది. 10 ఎంఎం రాడ్ చాలా? పొడవు ఎక్కువ కాబట్టి ఇంకా లావుది వేయాలా?

జవాబు: మీ భాగహారం సరైనదే, పేచీ అంతా ఆ 250తోనే. అది దాటితే రాడ్ సాగిపోయి మళ్లీ వెనక్కి రాదు. మొదటి రోజే దాన్ని ఆ అంచున నిలబెడతామంటే ఎలా? పైగా థ్రెడ్ కోశాక 10 ఎంఎం రాడ్‌కి అక్కడ మిగిలేది 58 చదరపు మిల్లీమీటర్లే. తెగితే అక్కడే తెగుతుంది, నడుమ కాదు.

వేలాడే లోడ్లకి నేను స్ట్రెస్‌ని (చదరపు మిల్లీమీటరు మీద పడే బలాన్ని) యీల్డ్‌లో మూడో వంతు, అంటే 83 దాటనివ్వను. అప్పుడు కావాల్సింది సుమారు 240 చదరపు మిల్లీమీటర్లు. థ్రెడ్ దగ్గర లెక్కలోకి వచ్చే వైశాల్యం ఎం16కి (16 ఎంఎం థ్రెడ్) 157, ఎం20కి (20 ఎంఎం థ్రెడ్) 245. కాబట్టి 20 ఎంఎం వేయండి. మీకు వర్తించే కోడ్ (నిర్మాణ నిబంధనలు) ఇంతకన్నా ఎక్కువ అడిగితే దాని మాటే వినండి.

మూడో వంతు మరీ పిరికి లెక్క అనిపిస్తే ఇది చూడండి. బరువును నెమ్మదిగా కాకుండా ఒక్కసారిగా రాడ్ మీద వదిలితే, ఎత్తు నుంచి పడకపోయినా, స్ట్రెస్ రెట్టింపవుతుంది. ఎం16లో 127 ఉన్నది 255 అవుతుంది, యీల్డ్ దాటినట్టే. ఎం20లో 163 దగ్గర ఆగుతుంది.

మీరు అడగలేదు కానీ, నాకు ఎక్కువ టెన్షన్ లోడ్ పక్కకి జరగడం గురించే. అది రాడ్ నడి గీత నుంచి వ్యాసంలో ఎనిమిదో వంతు జరిగితే చాలు, వంపు వల్ల ఒక అంచున స్ట్రెస్ రెట్టింపు. 20 ఎంఎం రాడ్‌కి అది 2.5 ఎంఎం! నట్ కింద ప్లేటు కాస్త వాలుగా ఉన్నా అంత తేడా వచ్చేస్తుంది. అందుకే వాలుకి తగ్గట్టు సర్దుకునే గోళాకారపు వాషర్ వేయండి, లేదా కింద అటూ ఇటూ తిరగగలిగే పిన్ జాయింట్ పెట్టండి. నట్ వదులు కాకుండా ఆపే లాక్ నట్ కూడా మరవకండి.

పొడవు కోసం లావు పెంచక్కర్లేదు. 3 మీటర్ల 20 ఎంఎం రాడ్ సొంత బరువు ఏడున్నర కిలోల లోపే. లోడ్ పడ్డాక సాగేది సుమారు 1 ఎంఎం, నట్‌ని అర చుట్టు తిప్పితే సర్దుకుంటుంది.