నాటి ఏడాదైనా మొక్క ఎదగట్లేదా? ముందు వేరు సంగతి చూడండి

ప్రశ్న: నిరుడు తొలకరిలో పొలం గట్ల వెంట చింత, నేరేడు, కానుగ, వేప మొక్కలు నాటాను. మధ్యలో కొన్ని శ్రీగంధం మొక్కలు కూడా పెట్టాను. ఏడాది కావస్తున్నా ఏవీ మోకాలెత్తు దాటలేదు. పక్క చేలో నేను నాటినప్పుడే పెట్టిన జామాయిల్ మనిషెత్తు దాటిపోయింది. శ్రీగంధం ఆకులు పసుపుబారుతున్నాయి. యూరియా వేయమంటారా, పీకేసి వేరేవి నాటమంటారా?

జవాబు: పీకకండి. యూరియా కూడా వద్దు. జామాయిల్‌తో పోల్చుకుంటే టెన్షన్ తప్ప మిగిలేదేమీ ఉండదు. తొందరగా ఎదుగుతుందనే ఎంపిక చేసి పెంచే మొక్క అది. మీరు పెట్టినవి దశాబ్దాల పాటు నిలిచే చెట్లు. మొదటి ఏడాది ఇవి ఆకుల్లో తయారైన ఆహారంలో చాలావరకు కిందికే పంపి, ముందు వేరును దింపుకుంటాయి. తాటినే చూడండి, టెంక మొలవగానే తేగ నేలలోకి దిగుతుంది, మాను బయటికి కనబడటానికి ఏళ్లు పడుతుంది. అడవిలో గుగ్గిలం మొక్క పైభాగం ఎండిపోవడం, మళ్లీ చిగురించడం ఏళ్ల తరబడి సాగుతుంది. ఆ కాలమంతా కింద వేరు మాత్రం బలపడుతూనే ఉంటుంది.

అందుకే మొదటి ఏడాది ఎత్తు కొలవకండి, మొదలు లావు చూడండి. నేలకు బెత్తెడు పైన కాండం మీద రంగుతో గుర్తు పెట్టి, అక్కడి చుట్టుకొలతను రెండు మూడు నెలలకోసారి దారంతో చూసుకోండి. అది పెరుగుతూ, కొనమొగ్గ పచ్చగా ఉంటే మొక్క బాగున్నట్టే. ఆకు రాలి ఎండినట్టు కనిపిస్తే బెరడును గోటితో చిన్నగా గీరండి. లోపల ఆకుపచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టు. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఇంకాస్త కిందికి, నేల దగ్గర గీరి చూడండి. అక్కడ పచ్చగా ఉన్నా మళ్లీ చిగురించే అవకాశం ఉంది.

యూరియా ఎందుకు వద్దంటే, నత్రజని ఎక్కువైతే లేత ఆకు గుబురుగా వస్తుంది, రసం పీల్చే పురుగులూ చేరతాయి. కింద వేరు దానికి తగ్గట్టు పెరగకపోతే ఎండాకాలంలో ఆ గుబురుకు నీళ్లు అందించలేదు. మాగిన పశువుల ఎరువు పైపైన వేస్తే చాలు.

అసలు పోటీ గడ్డితో. చాలామంది ఎరువు గురించి అడుగుతారు గానీ గడ్డి మాట ఎత్తరు. మొక్క చుట్టూ మీటరు మేర గడ్డి లేకుండా చూడండి, లోతుగా మాత్రం తవ్వకండి. ఎండు ఆకులు, చొప్ప మూడు నాలుగు అంగుళాల మందాన పరిచి, కాండానికి మాత్రం తగలనివ్వకండి. నీళ్లు రోజూ కాసిని పోస్తే వేర్లు పైపైనే ఉండిపోతాయి. జానెడు లోతు తవ్వి చూసి, మట్టి ఆరితేనే నిండుగా తడి పెట్టండి. ఊతకర్రకు బిగించి కట్టకండి, గాలికి కాస్త ఊగితేనే కాండం లావెక్కుతుంది. కింది కొమ్మలు కూడా ఇప్పుడే కొట్టకండి.

శ్రీగంధం లెక్క వేరు. అది సగం పరాన్నజీవి. ఆకులతో ఆహారం తయారు చేసుకున్నా, నీళ్లు, పోషకాల కోసం పక్క మొక్క వేర్లను తన వేర్లతో పట్టుకుంటుంది. తోడు మొక్క లేకపోతే పసుపుబారి గిడసబారుతుంది. మీ మొక్కల విషయంలో నా మొదటి అనుమానం ఇదే. గుంటలో నీరు నిలవడం లేదని చూసుకుని, ప్రతి మొక్క పక్కన నాలుగైదు కంది గింజలు వేయండి. కంది మరీ కమ్ముకుంటే కొనలు తుంచండి, పూర్తిగా తీసేయకండి. కంది ఎంతోకాలం ఉండదు కాబట్టి కొద్ది దూరంలో సరుగుడు లాంటి దీర్ఘకాలపు తోడు కూడా పెట్టండి.

నిజంగా కంగారు పడాల్సిన లక్షణాలూ ఉన్నాయి. మొక్కను పట్టి కదిపితే వదులుగా ఊగడం, కాండం మీద చెదల మట్టిపూత, వేరు దగ్గర కుళ్లు వాసన కనిపిస్తే మొదలు దగ్గర మట్టి తీసి చూడండి. కవరులో ఎక్కువ కాలం ఉన్న మొక్కకు వేర్లు అడుగున చుట్టలు చుట్టుకుని ఉంటాయి. నాటేటప్పుడు ఆ చుట్ట విప్పకపోతే ఏడాదైనా అవి బయటి మట్టిలోకి సరిగా పోవు. అలా చచ్చిన వాటి స్థానంలో ఈ తొలకరికి కొత్తవి పెట్టేటప్పుడు నర్సరీలో ఎత్తైన మొక్క కోసం వెతక్కండి. పొట్టిగా, మొదలు లావుగా ఉన్నదే తీసుకుని, కవరు పూర్తిగా తీసేసి, అడుగున చుట్టుకున్న వేర్లను కత్తితో కోసి నాటండి.