తర్వాత ఏమీ రాని ముందుమాట

ప్రశ్న: ఈమధ్య షోపాన్ పియానోకి రాసిన ప్రిల్యూడ్లు వింటున్నాను. ప్రిల్యూడ్ అంటే ముందు వచ్చేది కదా, మరి దాని వెనకాల ఏమీ రాదేం? కొన్ని నిమిషం కూడా ఉండవు. పైగా రొమాంటిక్ సంగీతం అంటారు, నాకేమో ప్రేమ కంటే దిగులే ఎక్కువ వినిపిస్తోంది.

జవాబు: దిగులు వినిపించిందంటే మీరు సరిగ్గానే విన్నారండీ. ఇక్కడ రొమాంటిక్ అంటే ప్రేమ అని కాదు, సాహిత్యం నుంచి 19వ శతాబ్దపు యూరప్ సంగీతానికి వచ్చిన పేరది. ఫ్రాన్స్ స్వరకర్త బెర్లియోజ్ 1830లో పెద్ద వాద్యబృందానికి రాసిన, దాదాపు గంట సాగే సింఫనీ కూడా రొమాంటిక్కే.

ఇక మీ అసలు సందేహం. షోపాన్ కంటే వందేళ్ల ముందటి జర్మన్ స్వరకర్త బాఖ్ దగ్గర ప్రిల్యూడ్ వెనకే ఫ్యూగ్ వస్తుంది, అంటే ఒకే చిన్న బాణీని ఒకదాని వెనక ఒకటిగా వేర్వేరు స్వర వరుసలు అందుకునే రచన. 12 మేజర్, 12 మైనర్ శ్రుతులకు ఒక్కో జత చొప్పున 24 జతలు, అలాంటివి రెండు సంపుటాలు రాశాడాయన. 1838లో మజోర్కా దీవికి వెళ్తూ షోపాన్ ఆ బాఖ్ పుస్తకం వెంట తీసుకెళ్లాడు. ఆ చలికాలంలోనే తన 24 ప్రిల్యూడ్లూ పూర్తి చేశాడు. ఫ్యూగులు మాత్రం రాయలేదు. మీలాగే ఆయన కాలపు స్వరకర్త షూమన్ కూడా ఆశ్చర్యపోయి, వాటిని చిత్తు గీతలతో, శిథిలాలతో పోల్చాడు.

నాలుగోది, ఇ మైనర్‌లో ఉన్నది, మళ్లీ వినండి. మొత్తం 25 బార్లే, అంటే మన తాళంలో ఆవర్తాల్లాంటి చిన్న భాగాలు. నేర్చుకునే రోజుల్లో నేను దాన్ని రెండు రోజుల్లో పట్టేశాననుకున్నాను. మా టీచరుగారు విని, నా కుడిచేతి మీద తన అరచెయ్యి పెట్టి, "ఎడమచెయ్యి ఒక్కటే వాయించమ్మా" అన్నారు. కుడిచెయ్యి చాలాసేపు పక్కపక్క స్వరాల మధ్యే ఊగుతుంది. ఎడమచెయ్యి మూడేసి స్వరాలు కలిపి నొక్కుతూనే ఉంటుంది. అందులో ఒకటి కొంచెం కిందికి జారుతుంది, కాసేపటికి ఇంకొకటి. బాధంతా ఆ జారడంలోనే ఉందని నాకు ఆ రోజు తెలిసింది. చివర్లో ఒక నిశ్శబ్దం, ఆ తర్వాత మెల్లగా మూడు మోతలు. 1849లో పారిస్‌లోని మదలేన్ చర్చిలో షోపాన్ అంత్యక్రియలప్పుడు ఆర్గన్ మీద వాయించిన వాటిలో ఇదొకటి.

ఇది మీకు నచ్చితే వియన్నా స్వరకర్త షూబర్ట్ 1827లో విల్‌హెల్మ్ మ్యూలర్ కవితలకు కట్టిన చలికాలపు ప్రయాణం పాటలు వినండి. 24 పాటల్లో ఆఖరిదాంట్లో ఒక ముసలివాడు మంచులో నిలబడి, చేత్తో తిప్పే వాద్యం వాయిస్తుంటాడు. పియానోలో అడుగున అవే రెండు స్వరాలు మొదటి నుంచీ మోగుతూనే ఉంటాయి. నీతో రానా, నా పాటలకు వాయిస్తావా అని గాయకుడు అడుగుతాడు. ముసలివాడి జవాబు ఉండదు. పియానో ఇంకాస్త వినిపించి ఆగిపోతుంది.