రాత్రి డ్యూటీ, రోజూ నొప్పి మాత్రలు.. నా కిడ్నీలు పాడవుతాయా?

ప్రశ్న: నా వయసు 28. సొంతూరు కనిగిరి దగ్గర పల్లె. మూడేళ్లుగా ఒంగోలు బైపాస్ పక్కన ఒక ఆన్‌లైన్ షాపింగ్ కంపెనీ పార్సిల్ హబ్‌లో పని చేస్తున్నా. నేను చేరినప్పుడు పదిహేను మందిమి, ఇప్పుడు వంద దాటాం. స్కానింగ్‌లో చేరి టీఎల్ (టీమ్ లీడర్) అయ్యాను. చెన్నై, విజయవాడ లారీలు అర్ధరాత్రి దాటాక వస్తాయి. తెల్లారేసరికి రూట్ల వారీగా సర్ది డెలివరీ బాయ్స్‌కి అందించాలి. సేల్ రోజుల్లో పన్నెండు గంటలు పని. ఆరు నెలలుగా నడుము నొప్పి. మెడికల్ షాపులో ఇచ్చిన మాత్ర రోజుకు రెండు వేసుకుంటున్నా. మూత్రం ముదురు రంగులో, మంటగా వస్తోంది. పగలు నిద్ర పట్టదు. ఫోన్ మోగితే గుండె దడ. ఇంట్లో అందరి మీదా కసురుకుంటున్నా. మా ఊళ్లో కిడ్నీలు పోయినవాళ్లున్నారు, అందుకే భయం. అమ్మేమో ‘ఆ పని ఇడిసిపెట్టి రారా’ అంటోంది. ఇక్కడేమో ఈ ఏడాది ఇంకో ప్రమోషన్ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ నొప్పి మాత్ర ఈ రోజే ఆపేయండి. ఉద్యోగం సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

మాత్ర పేరు మీరు రాయలేదు. నడుము నొప్పి అనగానే షాపుల్లో ఇచ్చేవి మామూలుగా డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ రకాలే. కిడ్నీలు బాగున్న కుర్రవాడు రెండు మూడు రోజులు వేసుకుంటే సాధారణంగా ఏమీ కాదు. మీరు ఆరు నెలలుగా, అదీ మూత్రం రంగును బట్టి చూస్తే ఒంట్లో నీళ్లు సరిపోని స్థితిలో వేసుకుంటున్నారు. అసలు ఇబ్బంది అక్కడే ఉంది. చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీలకు వెళ్లే రక్తం కూడా తగ్గుతుంది. అప్పుడు కిడ్నీ ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలను తయారు చేసుకుని, తన రక్తనాళాలను వెడల్పు చేసుకుని నెట్టుకొస్తుంది. మీరు వేసుకునే మాత్ర నొప్పిని తగ్గించేది ఆ రసాయనాలను అడ్డుకునే. అంటే నడుముకు హాయిగా ఉన్న ఆ కాసేపూ కిడ్నీకి ఉన్న ముఖ్యమైన రక్షణ పోతోంది.

హబ్‌లలో పని చేసే పిల్లలు నా దగ్గరికి తరచూ వస్తుంటారు. ‘రాత్రి ఎన్ని నీళ్లు తాగుతావు’ అని అడిగితే చాలామంది తల దించుకుంటారు. బాత్రూమ్ షెడ్డుకు ఆ చివర ఉంటుంది, వెళ్లొస్తే స్కానింగ్ లెక్క పడిపోతుంది. అందుకని డ్యూటీ ఎక్కాక నీళ్లే ముట్టుకోరు. పగలంతా ఎండకు కాలిన రేకుల కింద రాత్రి కూడా ఉక్కపోతే. మనిషి బాత్రూమ్‌కు వెళ్లే సమయాన్ని కలపని టార్గెట్ తప్పుడు టార్గెట్ అని డాక్టర్‌గా గట్టిగా చెబుతాను. మీరిప్పుడు టీఎల్ కాబట్టి మీ చేతుల్లో కొంత ఉంది. నీళ్ల క్యాను లైను పక్కకే తెప్పించండి, రెండు గంటలకోసారి అందరినీ వంతులవారీగా పంపండి. మీ కింద పని చేసే ఇరవై ఏళ్ల పిల్లలకు అదే పెద్ద మేలు. మీరు కూడా షిఫ్టు మొత్తంలో రెండు, రెండున్నర లీటర్లు తాగండి. మూత్రం లేత రంగులోకి వచ్చిందంటే నీళ్లు సరిపోతున్నట్టు.

ఈ వారంలోనే రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), షుగర్, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ పరీక్షలు చేయించుకోండి. బీపీ చూపించుకోండి. మంట ఉంది కాబట్టి ఇన్ఫెక్షన్ ఉందేమో మూత్రం కల్చర్ కూడా అవసరం. ఒంగోలు ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్)లో ఇవన్నీ చేస్తారు. ఈ మాత్రల వల్ల తగిలిన దెబ్బ తొందరగా పట్టుకుంటే చాలామందిలో తగ్గిపోతుంది. కాళ్లు, ముఖం వాచినా, మూత్రం బాగా తగ్గినా, రక్తం పడినా వారం ఆగకండి, ఆ రోజే వెళ్లండి.

మీ నడుము విషయంలో నన్ను ఆపిన మాట ‘కనిగిరి దగ్గర పల్లె’. చిన్నప్పటి నుంచి బోరు నీళ్లు తాగి పెరిగి ఉంటే, నీళ్లలో ఎక్కువైతే ఎముకలను బిగుసుకుపోయేలా చేసే ఫ్లోరైడ్ సంగతి చూడకుండా నడుము నొప్పికి పేరు పెట్టకూడదు. ఆ వైపు ఇది కొత్త జబ్బేమీ కాదు. అప్పట్లో కనిగిరి కూడా కలిసి ఉన్న నెల్లూరు జిల్లాలో ఎముకలు బిగుసుకుపోయిన మనుషుల గురించి షార్ట్, పండిట్, రాఘవాచారి అనే వైద్య పరిశోధకులు 1937లోనే రాశారు. ఇంట్లో మీకు మీరే మూడు పనులు చేసి చూడండి. మోకాళ్లు వంచకుండా వంగి నేల మీద నాణెం తీయగలరా? గడ్డం ఛాతీకి ఆనుతుందా? రెండు చేతులూ మడిచి తల వెనక్కి పెట్టుకోగలరా? వీటిలో ఏదైనా కష్టమైతే, పళ్ల మీద గోధుమ రంగు గారలు కూడా ఉంటే, డాక్టరుకు ఆ మాట ప్రత్యేకంగా చెప్పండి. ఎక్స్‌రే, మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష రాస్తారు. ఇంట్లో అమ్మవాళ్లు తాగే నీళ్లు కూడా పరీక్ష చేయించండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగడానికి పనికిరావు. కాచితే ఫ్లోరైడ్ పోదు, ఆవిరైన మేరకు ఇంకా చిక్కబడుతుంది.

ఆ మూడూ సులభంగా చేయగలిగితే మీది బహుశా బరువులెత్తే నొప్పే. పార్సిల్ ఎత్తి, కాళ్లు కదపకుండా నడుము ఒక్కటే తిప్పి ట్రాలీలో పడేయడం దీనికి పెద్ద కారణం. మోకాళ్లు వంచి ఎత్తండి, బరువును పొట్టకు దగ్గరగా పట్టుకోండి, పాదాలతో సహా తిరగండి. నొప్పి మరీ ఎక్కువైన రోజున పారాసిటమాల్ 650 వేసుకోవచ్చు, రోజుకు మూడుకు మించకుండా, కొద్ది రోజులే. కాలు మొద్దుబారినా, పాదం బలం తగ్గినా, మలమూత్రాల మీద పట్టు తప్పినా అది అత్యవసరం. అవేవీ లేకుండా ఎంఆర్‌ఐ కోసం అప్పు చేయకండి.

ఇక నిద్ర. పగలు నిద్ర పట్టకపోవడం మీ బలహీనత కాదు. వెలుగు కంట్లో పడగానే మెదడు పగలని లెక్కేసుకుంటుంది. ఇంటికెళ్లేటప్పుడు నల్ల కళ్లద్దాలు పెట్టుకోండి, గదికి మందపాటి దుప్పటైనా అడ్డం కట్టండి. రాత్రి రెండు దాటాక టీ వద్దు. అర్ధరాత్రి బిర్యానీ మానేసి, అసలు భోజనం డ్యూటీకి ముందే చేసి, మధ్యలో ఇడ్లీనో పెరుగన్నమో తినండి. సెలవు రోజున కూడా డ్యూటీ రోజుల్లో పడుకునే వేళలో కనీసం నాలుగు గంటలు పడుకుంటే శరీరానికి ఒక వేళ అలవాటవుతుంది. నిద్ర కోసం మందు తాగే అలవాటు మాత్రం దగ్గరికి రానివ్వకండి.

ఒక్క విషయంలో బతిమాలుతున్నాను. తెల్లవారుజామున నిద్రమత్తులో హైవే మీద బైకు నడపకండి. పదిహేడు గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడిలాగే తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. మన చట్టం బండి నడిపేవాళ్లకు అనుమతించేది 0.03 శాతమే. బయల్దేరే ముందు హబ్‌లోనే ఇరవై నిమిషాలు కునుకు తీయండి, లేదంటే ఆటోలో వెళ్లండి.

ఫోన్ మోగితే దడ అన్నారు. థైరాయిడ్ పరీక్ష, ఈసీజీ ఒకసారి చేయించుకుందాం. అవి బాగుంటే, నిద్రలేమి, ఎప్పుడు ఏ లారీ ఆలస్యమైందో అన్న ఆందోళన కలిసి ఆ దడ తెచ్చాయనుకోవాలి. పెరిగే కంపెనీలో ముందు పార్సిళ్లు పెరుగుతాయి, మనుషులు తర్వాత వస్తారు. ఆ మధ్య కాలమంతా మీలాంటి టీఎల్‌ల ఒంటి మీదుగానే గడుస్తుంది. నిద్రపోయే వేళ హబ్ వాట్సాప్ గ్రూపును మ్యూట్ చేసి, మరీ అవసరమైతే కాల్ చేయమని ఒక్కరికి చెప్పండి. మనసు మరీ దిగులుగా ఉంటే, బతకడం ఎందుకనిపిస్తే, 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.

ఉద్యోగం మానాలా అన్నదానికి నా అభిప్రాయం చెబుతాను. మూడేళ్లలో స్కానింగ్ నుంచి టీఎల్ దాకా రావడం చిన్న సంగతి కాదు, దాన్ని నిద్ర లేని కళ్లతో, భయంతో వదులుకోవద్దు. ముందు డాక్టర్ లెటర్ పెట్టి రెండు నెలలు పగటి షిఫ్టు అడగండి. వారం వారం షిఫ్టు మార్చడానికి ఒప్పుకోవద్దు. జీతం నెలకు 21,000 లోపైతే ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) వర్తిస్తుంది. దానికి చందా కట్టిన రోజులు సరిపడా ఉంటే, సెలవు పెట్టినా ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం వస్తుంది. ఉన్న హక్కును వాడుకోవడానికి మొహమాటపడకండి. సేల్ సీజన్ గంటల్ని కూడా తేలిగ్గా తీసుకోవద్దు. వారానికి 55 గంటలు, అంతకు మించి పని చేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో తేల్చాయి. రోజుకు పన్నెండు చొప్పున ఆరు రోజులంటే మీకు 72 గంటలు.

క్రియాటినిన్ ఎక్కువగా వచ్చి, కంపెనీ పగటి షిఫ్టు ఇవ్వనంటే మాత్రం అమ్మ మాటే వినండి. ప్రమోషన్ కోసం ఆగకండి. రిపోర్టులు మామూలుగా వచ్చినా మూడు నెలల తర్వాత క్రియాటినిన్, మూత్రం పరీక్ష మళ్లీ చేయించాలి. వెళ్లేటప్పుడు ఇన్నాళ్లూ వాడిన మాత్రల స్ట్రిప్పు కూడా డాక్టరుకు చూపించండి.